యంత్రపు గొంతు

ఆటలో కంటికి ఉన్న ప్రాధాన్యం చెవికి లేదని చాలామంది భావిస్తారు. ఆ భావన ఎంత అసంపూర్ణమైనదో పిన్‌బాల్ యంత్రం ముందు నిలుచున్నవారికి తెలుస్తుంది. వాలుబల్లమీద ఉక్కుబంతి క్షణకాలం కూడా నిలకడగా ఉండదు. దానిని వెన్నాడే చూపు అంకెల పలకవైపు మళ్ళితే బంతి చేజారిపోతుంది. కనుక ఏ గురి తగిలిందో, ఏ ద్వారం తెరుచుకున్నదో ఆటగాడికి తెలియజేయవలసినది ధ్వనియే.

ఈ ఆటకు మూలం బాగటెల్. మేకులు కొట్టిన పలకమీద గోళీలను దొర్లించే ఆ ఆట మన ఇళ్ళలోని పిల్లలకూ పరిచితమే. 1931లో చికాగోలో డేవిడ్ గాట్లీబ్ రూపొందించిన 'బాఫుల్ బాల్' నాణెం వేసి ఆడే యంత్రంగా అమెరికాలో ప్రసిద్ధి పొందింది. 1947లో వెలువడిన 'హంప్టీ డంప్టీ' బంతిని తిరిగి పైకి కొట్టే ఫ్లిప్పర్లను పరిచయం చేసింది. ఆ కాలపు యంత్రాలకు గంటల మోతే భాష. 1979లో 'గోర్గార్' అనే యంత్రం తొలిసారిగా మనిషివలె మాటలు పలికింది. అప్పటినుండి స్పీకరు యంత్రానికి గొంతు అయింది.

ఆ గొంతు విలువ ఎంతటిదో 1992లో వచ్చిన 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' యంత్రం నిరూపించింది. అవి 20,000కు పైగా అమ్ముడుపోయాయి. అదే పేరుగల చలనచిత్రంలో నటించిన రౌల్ జూలియా, ఆంజెలికా హ్యూస్టన్ ఈ ఆట కోసం ప్రత్యేకంగా సంభాషణలు పలికారు. జూలియా 1994లో కన్నుమూశాడు. ఆయన స్వరం మాత్రం యంత్రంలోని చిప్పులలో నేటికీ నిలిచి ఉంది. కాలం గడిచేకొద్దీ చెడిపోయేది ఆ స్వరం కాదు. దానిని వినిపించే కాగితపు శంకువు. అది బిగువు కోల్పోతుంది, అంచులు చిట్లుతాయి, మాట బొంగురుపోతుంది.

ఆనాటి యంత్రాలు జనసమ్మర్దం గల ఆటశాలల కోసం తయారైనవి. అక్కడి రొదలో సూక్ష్మధ్వనులు వినబడవు. అందువల్ల తయారీదారులు తరచుగా చవకైన స్పీకర్లతోనే సరిపెట్టారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ విషయంలో వారికి వర్తిస్తుంది. కాని నేడు ఆ యంత్రాలు అనేకం గృహాలకు చేరాయి. ప్రశాంతమైన గదిలో వాటి గరగర స్పష్టంగా వినిపిస్తుంది. అప్పుడే గృహస్థునికి స్పీకర్లు మార్చాలన్న కోరిక కలుగుతుంది.

కోరిక సహజమే, కాని దానికి వివేకం తోడుకావాలి. పెద్ద స్పీకరు పెడితే చాలునని కొందరు తొందరపడతారు. 8 ఓమ్‌ల స్పీకరు ఉన్నచోట 4 ఓమ్‌ల దానిని అమర్చితే, అదే ధ్వనిస్థాయి వద్ద విద్యుత్ ప్రవాహం దాదాపు రెట్టింపు అవుతుంది. పాత యాంప్లిఫయరు ఆ భారాన్ని మోయలేక వేడెక్కి కాలిపోవచ్చు. 'ది ఆడమ్స్ ఫ్యామిలీ'ని నిర్మించిన సంస్థ 1999లోనే పిన్‌బాల్ తయారీని విరమించింది. అటువంటి యంత్రంలో అసలు పలక ఒకసారి కాలిపోతే దానికి సరియైన జోడు వెదకడం శ్రమతో కూడిన పని.

తీగలను కలపడంలోనూ జాగ్రత్త అవసరం. రెండు స్పీకర్లలో ఒకదానికి ధన, ఋణ తీగలు తారుమారైతే, ఒక శంకువు ముందుకు కదిలేటప్పుడు మరొకటి వెనుకకు కదులుతుంది. మంద్రస్వరాలు ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. కొత్త స్పీకర్లు పెట్టినా ధ్వని పలచబడుతుంది. పని మొదలుపెట్టేముందు యంత్రాన్ని ఆపడమే కాక ప్లగ్గును కూడా తీయాలి. విప్పిన స్పీకర్లను పారవేయక భద్రపరచాలి. రేపు ఆ యంత్రం మరొకరి ఇంటికి చేరినప్పుడు, దాని పూర్వరూపాన్ని పునరుద్ధరించే అవకాశం వారికి ఉండాలి.

స్పీకర్లు మార్చడంలో పరమార్థం ఇరుగుపొరుగులను అదరగొట్టడం కాదు. శబ్దం పెరగడం వేరు, స్పష్టత పెరగడం వేరు. సరియైన స్పీకరు అమర్చిన తరువాత ధ్వనిస్థాయిని తగ్గించి కూడా ఆడవచ్చు. ఆటశాలల రొదలో ఎవరికీ అందని సంగీతపు చిన్న మలుపులు, మాటలోని హాస్యం అప్పుడు చెవిని చేరతాయి. వాటిని కూర్చిన కళాకారుల శ్రమ ఆలస్యంగానైనా శ్రోతను పొందుతుంది. పాత వస్తువును బాగుచేయడమంటే దానిపై మన అభిరుచిని రుద్దడం కాదు. అది చెప్పదలచిన మాటను స్పష్టంగా చెప్పనివ్వడం.