ఎస్సూ, నెత్తిమీద చుక్కా

ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణి. ఆ భాషలో చిక్కంతా ఎక్కడుందని ఎవరైనా అడిగితే, స్పెల్లింగులోనూ కాదు, టెన్సుల్లోనూ కాదు, ఎస్సు అనే ఒక్క అక్షరంలో ఉందంటాను. నవ్వకండి. ఒకటి పదయితే చివర ఎస్సే. ఫలానావారి వస్తువని చెప్పాలన్నా ఎస్సే. తేడా అల్లా అపాస్ట్రఫీ అనే చుక్కలో ఉంది. చుక్క లేకపోతే బహువచనం. ఎస్సుకు ముందుంటే ఒక్కరి సొత్తు. వెనకుంటే పదిమంది సొత్తు. పైకి చదివితే మాత్రం మూడూ ఒకేలా వినిపిస్తాయి!

మన తెలుగు చూడండి. అబ్బాయి గది, అబ్బాయిల గది. కాగితం చూడనక్కర లేదు, చెవికే తెలిసిపోతుంది. మనకూ చిక్కులు లేకపోలేదు. ఇల్లు ఇళ్ళవుతుంది, తలుపు దగ్గరికొచ్చేసరికి ఇంటి తలుపవుతుంది. పాలకి ఏకవచనమే లేదు. అయినా సొత్తు ఒకరిదో నలుగురిదో దాగదు.

ఈ చుక్క పుట్టుక తమాషాగా ఉంటుంది. పాత ఇంగ్లీషులో చాలా మాటలకు షష్ఠీ విభక్తి గుర్తుగా చివర 'ఈఎస్' ఉండేది. రానురాను ఆ 'ఈ' పలకడం మానేశారు. పోయిన అక్షరానికి గుర్తుగా చుక్క మిగిలింది. ఈ సంగతి మరిచి, ఎస్సంటే 'హిజ్', 'హర్' అనే మాటలకు బదులు వచ్చిందని 1711లో ఎడిసన్ అంతటివాడు వ్రాశాడు. 'హిజ్' అయితే ఆడవాళ్ళ సొత్తుకు ఎలా పొసుగుతుందని 1755 నాటి తన నిఘంటువులో డాక్టర్ జాన్సన్ ఆ వాదాన్ని కొట్టేశాడు. ఎస్సు వెనక చుక్క పెట్టడమయితే పద్దెనిమిదో శతాబ్దం చివరికిగాని కుదురుకోలేదు.

బహువచనమూ అంతే. మా క్లాసులో ఎవడైనా "చిల్డ్రన్సు వచ్చారండీ" అంటే దిద్దేవాణ్ణిగాని కోప్పడేవాణ్ణి కాదు. 'చిల్డ్రన్' అన్నదే బహువచనం మీద మరో బహువచన ప్రత్యయం తగిలిస్తే పుట్టిన మాట! వాళ్ళు చేస్తే వ్యాకరణమూ, మనం సాక్సులంటే తప్పూనా?

ఇంగ్లండులోనే దుకాణాల బోర్డుల మీద ఈ చుక్క తప్పుతూ ఉంటుంది. దాని రక్షణకని 2001లో ఒక పెద్దాయన సంఘం పెట్టి, తొంభై దాటాక 2019లో మూసేశారు.

చుక్క తప్పితే మునిగిపోయేదేమిటంటారా? మా ఇంట్లో నాలుగు బంగారు గాజులు మునగబోయాయి.

మా నాన్నగారు కోర్టు గుమాస్తా. చాకలిపద్దు కూడా ఇంగ్లీషులో వ్రాస్తేగాని తృప్తి ఉండేది కాదు. ఆయన 1981లో పోయారు. సంవత్సరీకాలయ్యాక ట్రంకుపెట్టె తీస్తే, గుడ్డమూటలో గాజులూ, వాటితో ఓ చీటీ: 'మై డాటర్స్ బ్యాంగిల్స్'. నాకు అక్కా ఉంది, చెల్లెలూ ఉంది. "ఇద్దరివీ" అంది అక్క. "వదినగారికి పెళ్ళిలోనే పెట్టారుగా, ఇవి మా ఆవిడవి" అన్నాడు చెల్లెలి భర్త. ఇంగ్లీషు మాస్టారినని చీటీ నా చేతికిచ్చారు. మడత సరిగ్గా అక్కడే పడి, సిరా చెదిరి, చుక్క ఎస్సు నెత్తిమీదే కూర్చుంది. భూతద్దం పెట్టినా అటో ఇటో తేలలేదు. ఒకే కంచంలో తిని పెరిగిన వాళ్ళిద్దరూ రెండురోజులు మాట్లాడుకోలేదు.

మూడోనాడు అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"నాకు మీ ఇంగ్లీషు రాదు. ఆ మూట కట్టి నా చేతికిస్తూ, 'అమ్మాయిల గాజులే, జాగ్రత్త' అన్నారు. అమ్మాయి గాజులనలేదు."

అక్షరం ఒక్కటే, 'ల'. తలో రెండూ తీసుకుని, చెల్లెలు అక్క ఒళ్ళో తలపెట్టుకు ఏడ్చింది.

ఆ తరువాత క్లాసులో నా సూత్రం అదే. ముందు తెలుగులో అనుకోండి. బహువచనపు 'ల' వినిపిస్తే చుక్క ఎస్సుకు వెనక, లేకపోతే ముందు. ఎస్సు లేకుండానే బహువచనమయ్యే 'మెన్', 'చిల్డ్రన్' లాంటి వాటికి మాత్రం ఎప్పుడూ ముందే.

ఇప్పుడు మనవరాలికీ ఇదే చెబుతున్నాను. "ఫోన్లో చుక్కలెవరు పెడుతున్నారు తాతయ్యా?" అంటుంది.

"ఫోన్లో మానెయ్యి తల్లీ. నగలమూట మీద మాత్రం పెట్టు. లేదా, హాయిగా తెలుగులో వ్రాయి" అంటాను.