సలహాల పెట్టె

తార్నాక చౌరస్తా నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి ప్రతిదినము ఉదయమున నడచిపోవుట నాకు చిరకాలపు అలవాటు. మా వీధివాడొకడు తరచుగా నాతో వచ్చుచుండును. అతడొక రసాయనముల కర్మాగారమున పనివాడు. నైట్ షిఫ్టు ముగించుకొని వచ్చినను, నాలుగడుగులు నడచినగాని అతనికి నిద్రపట్టదట.

ఒకనాడు ఆర్ట్సు కళాశాల మెట్లపై కూర్చుండి అతడొక సంగతి చెప్పెను. వారు సాల్వెంటును డ్రమ్ముల నుండి పెద్దపాత్రలోనికి దింపుదురు. అది గొట్టమున వడిగా పాఱునపుడు విద్యుత్తు పుట్టును. మార్గశిరపు పొడిగాలిలో తల దువ్వుకొనునపుడు దువ్వెన చిటపటలాడుట మీరెఱుగుదురు గదా, అదియే యిది. అది నిప్పురవ్వయై ఆవిరికి సోకినచో మంట లేచును. కావున డ్రమ్మునకు క్లిప్పు తగిలించి, వైరుతో దానిని భూమికి కలుపవలెను. వైరున్నది, అయితే ఎదుటిగోడ యొద్ద నున్నది. పని తొందరగా నుండు రాత్రులయందు దానిని లాగికొని వచ్చువాడెవ్వడు?

“సారూ, డ్రమ్ము నిలవెట్టే కాడనే వైరు వెడ్తే మరుద్దామన్నా మరువరాదు. అటు ఇటు ఉరుకుడు గూడ తప్పుతది” అనెను. డ్రమ్మును తెచ్చు బండికే కట్టుదమని తోడివాడొకడనగా, రబ్బరు చక్రముల బండి భూమితో కలియదని మావాడే కాదనెనట. భౌతికశాస్త్రము చదివిన నా శిష్యులలో ఎందఱికీ మాట స్ఫురించునో చెప్పజాలను.

కర్మాగారమున సలహాల పెట్టె కలదు. ఇంగ్లీషున వ్రాసిననే గౌరవమని తలచి అతడు నన్ను వ్రాసిపెట్టుమనెను. సంస్కృతమును ఇంగ్లీషును చదివినవాడను గదా, ఉబ్బిపోయి పుటనిండ వ్రాసితిని. భద్రత యొక్క ప్రాశస్త్యము, యాజమాన్యపు ఔదార్యము, దేశాభ్యుదయము, అన్నియు అందు చేరినవి. ‘తగిన యేర్పాట్లు చేయింప ప్రార్థన’ అని ముగించితిని. డ్రమ్ము, వైరు, గోడ అను మాటలు మోటుగా తోచి విడిచిపెట్టితిని.

రెండు మాసములు గడచినను జవాబు రాలేదు. అంతలో ఒక రాత్రి సాల్వెంటు దింపుచుండగా మంట లేచి ఒక కుఱ్ఱవాని ముంజేతులు రెండును కాలెను. మావాడు నన్ను నిందింపలేదు. ఆ కాగితమును కార్యాలయమున నొకరిచే చదివించుకొని వచ్చి, “మంచిగనే రాసిన్రట సారూ. నా ముచ్చటనే అండ్ల లేదు” అని మాత్రమనెను. ఆ దినమున బడిలో నేను పాఠము చెప్పలేకపోతిని.

పనివాని ఆలోచనకు వెలగట్టుట నిన్నటి మాట కాదు. స్కాట్లండు దేశమున డంబార్టనులోని డెన్నీవారి నౌకాశాలయందు 1880లోనే ఇట్టివానికి బహుమానములేర్పఱచిరి. మన దేశమునను 1965 నుండి జాతీయ పురస్కారములు కలవు. 1984లో భోపాలు ఘోరము జరిగిన పిమ్మట, 1987లో కర్మాగారముల చట్టమును సవరించి, అపాయకరములగు పనులు జరుగుచోట్ల పనివారును యాజమాన్యమువారును సమసంఖ్యలో నుండు భద్రతాసంఘములను విధించిరి. అపాయము ముంచుకొనివచ్చుచున్నదని తోచిన పనివానికి హెచ్చరించు హక్కునిచ్చిరి. ఆ హక్కును ఏ భాషలో చెలాయించుకొనవలెనో నావంటివారు అతనికి నేర్పుచున్నారు! పనివాడు చెప్పినదెల్ల వేదమని నేననను. అతడు చెప్పినది చెప్పినట్లు పైవారికి చేరినగదా దాని తప్పొప్పులు తేలుట.

మేము కూర్చుండిన ఆ మెట్లే నాకు గుణపాఠము. 1918లో ఈ విశ్వవిద్యాలయము పుట్టినపుడు ఉన్నతవిద్యను ఇంగ్లీషున గాక ఉర్దూలో చెప్పిరి. అందులకై అంతకు ముందే అనువాదశాల నెలకొల్పి శాస్త్రపదములను కూర్చుకొనిరి. సంస్థానమున ఎక్కువమంది మాటాడు తెలుగునకు ఆ పీట దక్కలేదు, అది వేఱు కథ. దేశభాషలో రసాయనశాస్త్రము చెప్పవచ్చునని అంతటి సాహసము జరిగినచోట కూర్చుండి, ఒక వైరును గూర్చి తెలుగున వ్రాయుటకు నేను సిగ్గుపడితిని.

మరల వ్రాసితిమి. అతడు చెప్పుచుండగా, అతని మాటలనే, తెలుగున, ఏడు పంక్తులు. క్రింద అతడే పెన్సిలుతో గోడను, డ్రమ్మును, వైరును గీచెను. నాలుగవనాడు ఇంజనీరొకరు వచ్చి వైరు పొడవు కొలిచికొని పోయెనట. ఇంకను మార్చలేదు. కాలిన కుఱ్ఱవాడు పనికి రావలసియున్నది.

నిన్న మావాడు మఱియొక సంగతి ఎత్తెను, మెట్లపై నూనె జాఱుటను గూర్చి. ఈ మాఱు కాగితమును పెన్సిలును అతని చేతికే ఇచ్చితిని.