ఇంటి పాటలపెట్టె

బియ్యము, పప్పు, ఊరగాయ ఏటికి సరిపడ దాచుకొనుట మనకు తెలిసిన విద్యయే. పాటల విషయమున మాత్రము మనమిప్పుడు ఏ పూటకాపూట అంగడినుండి తెచ్చుకొనువారివలె నున్నాము. నెలకింత యని రుసుము చెల్లించినయెడల ఎక్కడనో యున్న సంస్థవారు పాటలు వినిపింతురు. చెల్లించుట మానిననాడు పాట లేదు. వారికిని హక్కుదారులకును గల ఒడంబడిక ముగిసిననాడును పాట లేదు. నేను ప్రతి శుక్రవారము వినుచుండిన యొక కీర్తన ఇట్లే ఒకనాడు మాయమయ్యెను.

అంగడిని నిందించుట నా యుద్దేశము కాదు. ఎన్నడును వినని పాటను వినుటకు అంతకన్న సులభమార్గము లేదు. కాని అంగడిలో ఎంత వెదకినను దొరకని పాటలు ప్రతి యింటను కొన్ని యుండును. మా అత్తగారు 1986వ సంవత్సరమున టేపురికార్డరు ముందు కూర్చుండి మంగళహారతులు, పెండ్లిపాటలు, లాలిపాటలు పాడియుంచిరి. అట్టి క్యాసెట్లు పదునాలుగు మా బీరువాలో నుండెను. వానికి రెండవ ప్రతి లేదు.

ఫిలిప్సు సంస్థవారు 1963లో బయటపెట్టిన యీ క్యాసెట్టు చేతికిమిడిన వస్తువే గాని, అందలి సన్నని నాడాపై పూసిన అయస్కాంతపు పొడియే పాటను పట్టియుంచును. తేమకు బూజు పట్టినను, నాడా సాగినను గొంతు చెడును. అత్తగారు గతించి తొమ్మిదేండ్లయినది. ఆమె గొంతు వినియెరుగని మునిమనుమరాండ్రు మా యింట ఇద్దరున్నారు. కనుక ఈ పనికి పూనుకొంటిని.

పని కష్టమైనది కాదు గాని ఓపిక కావలెను. టేపురికార్డరు హెడ్‌ఫోను రంధ్రమునకు తీగ తగిలించి, ధ్వనిని అంకెలుగ మార్చు చిన్న పరికరము ద్వారా కంప్యూటరునకు కలుపవలెను. అరువది నిమిషముల క్యాసెట్టుకు అరువది నిమిషములును పట్టును. మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొనిన పిమ్మట రోజునకొకటి చొప్పున ఎక్కించితిని. సీడీ నాణ్యముతో నుంచినయెడల గంట పాటకు సుమారు 635 మెగాబైట్ల చోటు కావలెను. 2001 నుండి వాడుకలోనున్న ఫ్లాక్ అను పద్ధతిలో ఇంచుమించు సగము చోటు చాలును, స్వరమేమియు తరుగదు. ఎంపీ3 ఇంకను తక్కువ చోటు పట్టును గాని, చెవికి తెలియదని యెంచిన భాగమును తీసివేయును. దాచుకొనుటకు మొదటిదే మేలు.

తరువాత ఇల్లంతటికిని వినిపించుట. ఒక మూల ఎప్పుడును పనిచేయుచుండు చిన్న కంప్యూటరునకు పాటల డిస్కు తగిలించి, ఉచితముగ లభించు జెల్లీఫిన్, నేవిడ్రోమ్ వంటి సాధనములలో నొకదానిని అందుంచవలెను. ఎవరడిగిన పాటను వారి సెల్‌ఫోనునకు ఇంటి వైఫై రౌటరే చేర్చును. పాట ఇంటి గడప దాటదు. బయటి ఇంటర్నెట్టు తెగిపోయిననాడును, కరెంటున్నంతవరకు ఇంటిలోని పాట ఇంటిలో వినబడును.

వంటయింటిలో పాట ఆగియాగి వచ్చుచున్నచో మైక్రోవేవు పొయ్యిని గమనింపుడు. వైఫై వాడు 2.4 గిగాహెర్ట్జుల తరంగములకు దాదాపు సమానమైనవే ఆ పొయ్యి తరంగములు; అది తిరుగుచున్నంతసేపు అడ్డుపడవచ్చును. 5 గిగాహెర్ట్జులకు మార్చిన ఆ చిక్కు తీరును. కాని ఆ తరంగమునకు గోడలు దాటు బలము తక్కువ. కావున మందపు గోడల పాతయిండ్లలో రౌటరును నడుమగదిలో ఎత్తున నుంచుట మంచిది.

ఇంతకన్న పెద్దపని పేర్లు వ్రాయుట. యంత్రమునకు "ఏడవ పాట" అని మాత్రమే తెలియును. అది పెండ్లికూతును చేయునప్పటిదో, అప్పగింతలదో, ఎవరి పుట్టినింటినుండి వచ్చినదో చెప్పగలవారు మా ఆడుబిడ్డగా రొక్కరే. ఆమె ఫోనులో విని చెప్పగా తెలుగులోనే వ్రాసికొంటిని. ఆమెకిప్పుడు డెబ్బదియారేండ్లు. ఈ పని పదేండ్లు వాయిదా పడియుండిన పాటలు మిగిలినను పేర్లు మిగిలెడివి కావేమో.

ఒక క్యాసెట్టు చివర, లాలిపాట ముగిసిన పిమ్మట, "పొయ్యిమీద పాలు చూడవే అమ్మాయీ" అని అత్తగారు నన్ను కేకవేయుట వినబడును. పాట కాదుగదా, దానిని కోసివేయుదమని మా అబ్బాయి యనెను. నేనొప్పుకొనలేదు. మొన్న చిన్న మనుమరాలు అది విని, "నానమ్మా, పాలు పొంగినవా?" అని యడిగినది. అత్తగారి మాటకు ఆ పిల్ల పలికిన మొదటి బదులది.

సోదరీమణులారా, మీ యింటి పెద్దలు పాడగలిగియున్నప్పుడే సెల్‌ఫోను ముందు కూర్చుండబెట్టి పాడించుకొనుడు. పాటతోబాటు పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము వారి నోటనే చెప్పించుడు. డిస్కులకును ఆయువు కలదు గనుక ఒక ప్రతి మీ యింటను, మరియొక ప్రతి వేరొక ఊరనున్న బిడ్డ యింటను ఉంచుడు.