మూడు పేర్ల సీతాకోకచిలుక

కొత్తగూడ ఫ్లైఓవర్ మీది బండ్ల హోరు బొటానికల్ గార్డెన్ గేటు దాటాక కూడా చాలా దూరం వెంట వస్తుంది. మాజీ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కర రెడ్డి పేరున్న ఈ తోటకు పొద్దున్నే వచ్చేవాళ్లలో చాలామంది హైటెక్ సిటీ ఉద్యోగులే. వాళ్లు నడకకు వస్తారు, నేను నూరువరహాల పొదల కోసం వచ్చాను. వానలు వెనకబట్టాక, ఎండ కాస్త ఎక్కే వేళకు ఆ ఎర్రటి గుత్తుల మీద పెద్ద సీతాకోకచిలుకలు వాలతాయి.

ముందు వచ్చింది క్రిమ్సన్ రోజ్. నల్లటి ముందు రెక్కల మీద తెల్లటి పట్టీలు, వెనక రెక్కల మీద ఎర్రటి మచ్చలు, ఒళ్లు కూడా ఎరుపే. నిదానంగా ఎగురుతుంది. గొంగళిగా ఉన్నప్పుడు తిన్న గాడిదగడపాకు, ఈశ్వరి తీగల విషం దాని ఒంట్లోనే ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి రాదు.

కాసేపటికి అలాంటిదే ఇంకొకటి వాలింది. అవే పట్టీలు, అవే మచ్చలు, అదే నిదానం. పక్కనున్న కుర్రవాడు ఫోటో తీసి, పేరు చెప్పే యాప్‌లో పెట్టాడు. మళ్లీ క్రిమ్సన్ రోజ్ అనే వచ్చింది.

“ఒళ్లు చూడు బాబూ,” అన్నాను.

ఒళ్లు నల్లగా ఉంది. అది రోజ్ కాదు, కామన్ మార్మన్ ఆడది. విషమేమీ లేకపోయినా విషమున్నదాని వేషం వేసుకుంది. ఈ జాతిలో మగవాటికి ఒకటే రూపం: నలుపు మీద తెల్లటి చుక్కల వరస. ఆడవాటికి మూడు. ఒకటి మగదానిలాగే ఉంటుంది, ఇంకొకటి విషమున్న మరో జాతి కామన్ రోజ్‌ను పోలి ఉంటుంది, మూడోది నా ముందున్నది.

యాప్‌ను తప్పుపట్టలేను. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ అంతటివాడే స్వీడన్‌లో కూర్చుని, దూరదేశాల నుంచి వచ్చిన ఎండు రెక్కలు చూసి, 1758లో ఈ జాతి ఆడదానికి పోలిటస్ అని, మగదానికి పామన్ అని రెండు పేర్లు పెట్టాడు. ఇద్దరూ ట్రాయ్ రాజు ప్రియామ్ కొడుకులే. తర్వాత హాలెండ్‌కు చెందిన క్రామర్ మూడో రూపాన్ని రోములస్ అన్నాడు. క్రిమ్సన్ రోజ్‌కు లిన్నేయస్ పెట్టిన పేరు హెక్టర్, అతనూ ప్రియామ్ కొడుకే. పోలిటస్ ఆడది హెక్టర్ వేషం వేస్తుందని తెలియకుండానే ఆయన వాళ్లను అన్నదమ్ములను చేశాడు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ చిక్కుముడి దీవుల్లో వీడింది. ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1854 నుంచి 1862 దాకా మలయా ద్వీపసమూహంలో తిరిగి 1,25,660 నమూనాలు పోగుచేశాడు. వాటిలో సీతాకోకచిలుకలు, చిమ్మటలు కలిపి 13,100. ఈ వేర్వేరు రూపాలు ఒకే జాతి ఆడవని, రోజ్‌లను అనుకరించి బతుకుతున్నాయని 1865లో అచ్చయిన వ్యాసంలో వాదించాడు. హెక్టర్ ఎగరని ఆ దీవుల్లో రోములస్ రూపమూ కనిపించదు. భారత్, శ్రీలంకల్లో రెండూ ఉన్నాయి. తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, ఫ్రయర్ అనే శాస్త్రవేత్త శ్రీలంకలో వీటిని తరతరాలుగా పెంచి చూశాడు. ఒకే తల్లి గుడ్ల నుంచి వేర్వేరు రూపాల కూతుళ్లు బయటికొచ్చాయి.

కలుపు తీస్తున్న ఒకామె మా మాటలు వింటున్నట్టుంది.

“గా కల్యామాకు మీద రెట్టలెక్క ఉన్నయి సూడుండ్రి సార్. రెట్టలు గావు, పురుగులు. జర ముట్టుకుంటే ఎర్రటి కొమ్ములు తీస్తయి, కంపు గొడ్తయి.”

“వాటి తల్లిని చూశారా అమ్మా?”

“ఎర్ర మచ్చలది, తెల్ల మచ్చలది, అన్నీ గీ చెట్టుకే వచ్చి గుడ్లు వెడ్తయి.”

వాలెస్ ఎండు నమూనాల పెట్టెల ముందు వెతుకులాడిన ఆధారం ఈమెకు రోజూ చేతికందే కొమ్మ మీద ఉంది. రోజ్‌లు కరివేపాకు మీద గుడ్లు పెట్టవు. రెక్కలు ఎంత మోసం చేసినా గుడ్డు పెట్టే ఆకు చూస్తే మార్మన్ ఏదో, రోజ్ ఏదో చెప్పొచ్చు. ఆ మూడు వేషాలకూ మూలం డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువని బెంగళూరు పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కు చెందిన కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు 2014లో ‘నేచర్’ పత్రికలో చూపించారు. ఆడామగ తేడాలను నిర్ణయించే జన్యువే ఆడదాని వేషాన్నీ నిర్ణయిస్తోంది.

గాడిదగడపాకు ఎక్కడుందని అడిగితే ఆమె కంచె దగ్గరికి తీసుకెళ్లింది. కలుపుతోపాటు దాన్నీ పీకుతారట. హెక్టర్ గొంగళికి ఈ మొక్క, దీని చుట్టాలైన ఈశ్వరిలాంటి తీగలు తప్ప వేరే తిండి లేదని, హెక్టర్ పోతే పిట్టలు ఆ ఎరుపును చూసి భయపడటం మరిచిపోతాయని, అప్పుడు రోములస్ వేషం పనికిరాదని చెప్పాను.

“సూపర్‌వైజర్ సార్‌కు మీరే జెప్పుండ్రి,” అంది.

ఆఫీసు గదిలో తెల్లకాగితం అడిగి రాసిచ్చాను: ఏ మొక్క, ఏ కంచె వెంట, పూత అయ్యేదాకా ఎందుకు ఉంచాలి. కుర్రవాడు తన ఫోటోలూ జతచేస్తానన్నాడు, ఒళ్లు స్పష్టంగా కనబడేవి ఏరి.