మూడు వేళ్ళ పరీక్ష

మా బాబాయికి ఆవకాయంటే ప్రాణం. అలాంటి మనిషి పోయిన సంక్రాంతికి ఉత్త పెరుగన్నం తిని లేచిపోయాడు. "నోరు మండుతోందిరా, వేడి చేసింది" అన్నాడు. ఆ వేడి ఏడాదిగా చేస్తూనే ఉందట!

అమీర్‌పేటలో వాళ్ళింటి దగ్గర డాక్టరు గారు (పేరెందుకు లెండి) మూడుసార్లు బీకాంప్లెక్స్ రాసిచ్చారు. ఒక్కసారి కూడా టార్చి వేసి నోట్లోకి చూడలేదు. మా భాషలో చెప్పాలంటే, లాగ్ తెరవకుండా ప్యాచ్ వేయడమన్నమాట.

చివరికి బీపీ కోసమని పంజగుట్టలో మరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఈవిడ పళ్ళ డాక్టరేం కాదు, మామూలు ఫిజీషియనే. "నోరు తెరిచి మీ మూడు వేళ్ళు నిలువుగా పెట్టండి" అన్నారు. రెండు పట్టాయి, మూడోది పట్టలేదు. బుగ్గ లోపల తెల్లగా పాలిపోయి, నారలా బిగుసుకుపోయింది.

"వక్క ఎన్నేళ్ళ నుంచి?"

"పదిహేనేళ్ళు. కానీ గుట్కా కాదమ్మా, ఉత్త వక్కే."

దీని పేరు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌ట. ముదిరితే క్యాన్సర్‌గా మారొచ్చు. పొగాకు అక్కర్లేదు, వక్కొక్కటీ చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలూకు క్యాన్సర్ పరిశోధన విభాగం వక్కని క్యాన్సర్ కారకమని 2004లోనే తేల్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో గుట్కా నిషేధిస్తే, పాన్ మసాలా ఓ పొట్లం, పొగాకు ఓ పొట్లంగా విడివిడిగా వేలాడదీసి అమ్మారు!

నా ఆదుర్దా చూసి ఆవిడ ఇంకొన్ని చెప్పారు. నోట్లో తెల్లపొర గుడ్డతో తుడిస్తే ఊడొస్తే చాలావరకు ఫంగస్: షుగర్ ఉన్నవాళ్ళకీ, ఆస్తమా ఇన్‌హేలర్ వాడి పుక్కిలించనివాళ్ళకీ వస్తుంది. ఊడి రాకపోతే మాత్రం స్పెషలిస్టుకి చూపించాల్సిందే. నాలుక మీద మ్యాపులా మచ్చలు చోటు మారుతుంటే భయం లేదు. నాలుక నున్నగా, ఎర్రగా అయితే బీ12, ఐరన్ చూడాలి. మూడు వారాలు దాటినా మానని పుండుకి ఆయింట్‌మెంట్లతో కాలక్షేపం చెయ్యకూడదు. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ముసలమ్మలకైతే అంగిలి కూడా చూడాలి.

ఇదంతా చూడ్డానికి పట్టేది అర నిమిషం.

బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది. బాబాయి వక్క మానేశాడు. కానీ బిగుసుకున్న నోరు పూర్తిగా మామూలు కాదట. ఆ ఏడాది పోయినట్టే.

డాక్టరుని తిట్టుకున్నాను గానీ, వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా వక్కపొడి డబ్బా పట్టుకెళ్ళింది ఎవరు? నేనే!