రేడియేటరు మూత

పిల్లలూ, సీసా మూత పోతే మరో సీసా మూత తెచ్చి పెట్టేస్తాం గదా? నేనూ ఒకసారి అలాగే అనుకున్నాను.

మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. పోచారం కాలువకు నీళ్లు వదిలారు. నాట్లకు మడి దున్నాలి. మా పాత ట్రాక్టరేమో నాలుగు చుట్లు తిరగగానే ఆవిరి కక్కసాగింది. రేడియేటరు మూత పాడయింది. అటువంటి మూతలు తయారుచేయటం ఎప్పుడో మానేశారు.

బాపూ, నేనూ కామారెడ్డి వెళ్లాం. ఒక కొట్టులో సరిగ్గా పట్టే మూత దొరికింది. నేను ఎగిరి గంతువేశాను. కాని ముసలి మెకానిక్కు రెండు మూతలూ తిప్పి చూసి, "మూతి పడితే చాలదు బిడ్డా, అంకె కూడా కలవాలి," అన్నాడు. పాతదాని మీద 7 అనీ, కొత్తదాని మీద 13 అనీ ఉన్నది.

ఆ అంకె ఏమిటో తెలుసా? మూతలోని స్ప్రింగు చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడిని ఆపగలదో చెబుతుంది. మామూలుగా నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ప్రెషర్ కుక్కరులోలాగా ఒత్తిడి పెరిగితే త్వరగా మరగదు. 7 పౌండ్ల మూత ఉంటే సుమారు 110 డిగ్రీల దాకా ఆగుతుంది. 13 పౌండ్లదైతే ఇంకా ఆగుతుంది గాని, ఆ ఒత్తిడికి పాత రేడియేటరు అతుకులు విడిపోవచ్చు!

సాయంత్రం దాకా వెతికితే వేరే బండి మూత ఒకటి దొరికింది. మూతీ పట్టింది, అంకే కలిసింది. మర్నాడే మడి దున్నేశాం.

ఇంకొక మాట: ఇంజను వేడిగా ఉండగా ఆ మూత ఎన్నడూ తియ్యకండి. మరిగే నీళ్లు ఎగజిమ్ముతాయి. బాపు ముంజేతిమీద ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నది.