హనుమంతునిపాడు దారిలో... మొరాయించిన పెట్టె!

మార్కాపురం అంటే పలకలు. కంభం అంటే చెరువు. గిద్దలూరు అంటే నల్లమల. మరి హనుమంతునిపాడు అంటే? బయటివాళ్లకు చటుక్కున ఏదీ గుర్తుకు రాదు. కనిగిరికి పొరుగు మండలం అని చెబితే తప్ప ఆనవాలు పట్టరు. పర్యటకుల బస్సులు పెద్దగా ఇటు తిరగవు. అయినా పశ్చిమ ప్రకాశం అని పిలిచే ఈ నేల తీరు తెలియాలంటే ఒక్కసారైనా ఈ దారిన వెళ్లాలి.

మార్కాపురం దాటి కనిగిరి వైపు సాగితే ఎర్రనేలలు, తుమ్మచెట్లు, కందిచేలు, పొగాకు పొలాలు. పడమటి దిక్కున వెలిగొండలు. రోడ్డుకు అడ్డంగా వచ్చే గొర్రెల మంద కదిలేదాకా ఆగాల్సిందే. కనిగిరి ప్రాంతపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ బెడద ఎక్కువ. అందుకే ఏ ఊళ్లో చూసినా బండికి అటొకటి ఇటొకటి వేలాడే నీళ్ల క్యాన్లు కనిపిస్తాయి. ఇక్కడ మోటారు సైకిలు షికారు కోసం కాదు. నీళ్లు తేవాలన్నా, పాలు పోయాలన్నా, జ్వరమొచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా అదే దిక్కు.

పనుల కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్లిన ఇక్కడి కుర్రాళ్లు పండక్కి బండ్ల మీదే ఊరికి వస్తుంటారు. మాతో వచ్చిన మిత్రుడూ అలాంటివాడే. అతనిది 350 సీసీ బండి. పికప్ పెరుగుతుందని నగరంలో ఎవరో చెబితే ఫ్యూయల్ ట్యూనింగ్ మాడ్యూల్ పెట్టించాడు. మర్నాడు తెల్లవారుజామునే వాళ్లమ్మను కంటి పరీక్షకు ఒంగోలు తీసుకెళ్లాలి. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా బండి మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. ఆగి కాసేపు చల్లబడ్డాక బాగానే నడిచింది. మళ్లీ వేడెక్కగానే అదే వరస!

ఏమిటీ పెట్టె?

పాత బండ్లలో కార్బొరేటర్ ఉండేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఇంజిన్‌కు ఎంత పెట్రోలు అందాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటరు లెక్కగడుతుంది. అచ్చమైన పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం మిల్లీసెకన్లలోనే. బయట కొని తగిలించే మాడ్యూల్ ఈసీయూకూ ఇంజెక్టర్‌కూ మధ్య కూర్చుని ఆ సమయాన్ని కాస్త పెంచడమో తగ్గించడమో చేస్తుంది. సరిగ్గా కుదిరితే పరుగు సాఫీగా ఉంటుంది. అది చెడిందా, ఈసీయూ ఒకటి చెబితే ఇంజెక్టర్‌కు మరొకటి చేరుతుంది!

చెట్టు కింద పరీక్ష

రోడ్డు పక్క వేపచెట్టు కింద చిన్న మెకానిక్ షెడ్డు. పెద్ద కంపెనీల స్కానర్లేమీ లేవు. స్పానర్లు, ఒక మల్టీమీటరు, ఎమెరీ కాగితం... అంతే. మెకానిక్ బండిని ముట్టుకోకుండానే అడిగాడు.

"అబ్బయ్యా, కొత్తగా ఏం బిగించావు దీనికి?"

"మాడ్యూల్ అన్నా. మూణ్నెల్లయింది."

"అయితే ముందు దాని సంగతే చూద్దాం."

ప్లగ్గు విప్పితే నల్లగా మసి పట్టి ఉంది. పెట్రోలు ఎక్కువ పోతోందన్నమాట. బ్యాటరీ చూశాడు. బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నడుస్తుంటే 14. అక్కడ లోపం లేదు. తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాడు. మాడ్యూల్ కప్లర్లు ఊడదీసి, కంపెనీవాళ్లు ఇచ్చిన కప్లర్లను మళ్లీ ఒకదానికొకటి కలిపాడు. ఆక్సిజన్ సెన్సర్ కప్లర్‌నూ దాని చోట పెట్టేశాడు. ప్లగ్గు తుడిచి బిగించి, బండిని బాగా వేడెక్కేదాకా తిప్పి రమ్మన్నాడు. మిస్సింగ్ మాయం! అంటే పంపు, ఇంజెక్టర్, అసలు ఈసీయూ నిర్దోషులన్నమాట.

అంతటితో పెట్టెను దోషిగా తేల్చలేదాయన. మళ్లీ తగిలించి, ఇంజిన్‌ను స్లోలో ఉంచి వైర్లను ఒక్కొక్కటిగా కదిపి చూశాడు. ఎర్త్ వైరు దగ్గర తుప్పు. గీకి, గట్టిగా బిగించాడు. మళ్లీ పరుగు. పది నిమిషాల తర్వాత మళ్లీ అదే మిస్సింగ్. తడిగుడ్డ చుట్టి మాడ్యూల్ ఒక్కదాన్నే చల్లబరిస్తే సర్దుకుంది. ఇక అనుమానం లేదు. "లోపల టంకం యాడో వదిలింది. ఎండకీ, ఇంజిన్ సెగకీ మధ్య పెట్టారు, ఎట్టా తట్టుకుంటది?" అంటూ దాన్ని విప్పి కవర్లో చుట్టి చేతికిచ్చాడు. ఆ రాత్రికి బండి ఇల్లు చేరింది. మర్నాడు చీకటితోనే అమ్మను ఎక్కించుకుని ఒంగోలు బయల్దేరాడు మిత్రుడు.

మీ బండికీ ఉందా?

* విప్పే ముందు తాళం తీసేయాలి. కప్లర్లకు గుర్తులు పెట్టుకోవాలి.
* కంపెనీ కప్లర్లను కోసి అతికించే పద్ధతిలో మాడ్యూల్ పెట్టించొద్దు. దారిలో చెడితే అసలు వైరింగ్‌కు తిరిగి రావడం కష్టం.
* ప్రెషర్ వాటర్‌తో కడిగితే కప్లర్లలోకి నీరు చేరి పిన్నులు పచ్చగా చిలుం పడతాయి.
* 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు కావలసిన గాలి పాళ్లు తక్కువ. పాత పెట్రోలుకు సరిచేసిన మ్యాప్ దీనికి సరిపోకపోవచ్చు.
* పెట్రోలు ఎక్కువైతే మైలేజీ పడిపోతుంది, సైలెన్సర్‌లోని కెటాలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది. మరీ తక్కువైతే ఇంజిన్ వేడెక్కుతుంది.
* కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ హద్దులు పెట్టింది. వారంటీ సంగతీ ముందే కనుక్కోవాలి.

నీటిబొట్టును లెక్కపెట్టి వాడుకునే నేల ఇది. ఇక్కడి మెకానిక్ పద్ధతీ అంతే పొదుపు. కొత్త సామాను కొనమనడు, చివరగా తగిలించినదాన్ని ముందు విప్పమంటాడు. హనుమంతునిపాడు అంటే ఏముంది అని ఎవరైనా అడిగితే, మాకైతే ముందు ఆ వేపచెట్టు నీడే గుర్తొస్తుంది.